జాస్మిన్ తర్వాతి ఊళ్ళు

సభాధ్యక్షులు డాక్టర్ పార్థసారథిగారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక వరసలో కూర్చుని తలుపు వైపు చూస్తున్న మిత్రులకు, వంటగది కిటికీలోంచి తొంగిచూస్తూ వింటున్న అన్నదాతలకు, ఇవాళ మనం సాగనంపడానికి పిలుచుకున్న డాక్టర్ స్రవంతికి, కౌశల్‌కి, వాళ్ళ అమ్మాయి శ్రీప్రియకి, కౌశల్ తల్లిగారు ఆదిలక్ష్మిగారికి నా నమస్కారాలు.

నా పేరు సదాశివం. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ మిల్టన్ కీన్స్‌లోనే ఒక స్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాను. డాక్టర్ పుష్పలీల భర్తని. రెండో పరిచయంతోనే ఎక్కువమంది నన్ను గుర్తుపడతారు. నాకూ అదే ఇష్టం.

పార్థసారథిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. జాగ్రఫీ మాస్టారుకి పది నిమిషాలిస్తే హాజరు పిలవడానికి కూడా చాలదు. (నవ్వులు) ఆయన సర్జను కాబట్టి ఎప్పుడు కోయాలో ఆయనకి తెలుసు. అంతవరకు మాట్లాడతాను.

స్రవంతి, కౌశల్ వచ్చే గురువారం కెనడాలో సస్కాచెవాన్ అనే రాష్ట్రానికి వెళుతున్నారు. స్రవంతి అక్కడ ఒక చిన్న ఊళ్ళో డాక్టరుగా చేరుతుంది. కౌశల్ తన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంట్లోంచి చేసుకుంటాడు. లీలా నేనూ ఎప్పుడో ఎనభైల్లో ఇక్కడినుంచి వెళ్ళి ఏడేళ్ళు ఆ రాష్ట్రంలో ఉన్నాం. ఈ హాల్లో ఆ నేల మీద నడిచినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని మన కార్యదర్శి రాజ్‌కిరణ్ ఫోన్ చేసి, “మాస్టారూ, ఆ ప్రాంతం గురించి నాలుగు మాటలు చెప్పండి” అన్నాడు. సరేనని మ్యాపు తెచ్చాను. ప్రొజెక్టరు పనిచేయడం లేదట. పరవాలేదు. ఆ రాష్ట్రానికి మ్యాపు అక్కర్లేదు. నాలుగు గీతలు గీస్తే అయిపోతుంది.

అయితే ఇందాక టీ దగ్గర ఒక సంగతి జరిగింది. సగం హాలు విన్నది కాబట్టి దాచి లాభం లేదు. ఆదిలక్ష్మిగారు టీ కప్పుతో నా దగ్గరికి వచ్చారు.

“అన్నయ్యగారూ, మైనస్ నలభై అంట. ఆ చలిలో మనుషులు బతుకుతారా? పిట్టంత పిల్లని పట్టుకుని పోతామంటున్నారు. మీరొక్కరు వద్దంటే ఆగుతారు.”

కౌశల్ నవ్వాడు. “అమ్మా, టికెట్లు కొనేశాం కదా.”

“టికెట్లు కాన్సిల్ అవుతాయిరా. నువ్వు మాట్లాడకు.”

స్రవంతి వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. నా వైపు చూసింది. “అంకుల్, మా క్లినిక్‌లో నా పోస్టు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. సోమవారంలోగా చెబితే మళ్ళీ డ్యూటీ రోటాలో పెడతామన్నారు. మీరు నిజం చెప్పండి. వెళ్ళమంటారా, వద్దంటారా?”

కౌశల్ నవ్వు ఆగిపోయింది. ఆ సంగతి అతనికీ అప్పుడే తెలిసిందని అర్థమైంది.

“స్టేజి మీద చెబుతానమ్మా” అన్నాను. తప్పించుకోవడానికి అన్న మాట అది. ఇప్పుడు స్టేజి మీదే ఉన్నాను.

అందుకని నేను తయారుచేసుకున్న ఉపన్యాసం పక్కన పెట్టి, తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ముందు నేల సంగతి. బ్రిటన్‌కి రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది ఆ రాష్ట్రం. జనం మాత్రం మన బర్మింగ్‌హామ్‌లో ఉన్నంతమందే. అంటే ఇంగ్లండూ స్కాట్లాండూ వేల్సూ అన్నీ కలిపి రెండుసార్లు పరిచి, ఇంకో అతుకు కూడా వేసి, దాని మీద ఒక్క బర్మింగ్‌హామ్‌ని అక్షింతల్లా చల్లాలి. ఉత్తరాన సగం అడవులూ సరస్సులూ. దక్షిణాన గోధుమ చేలు, బఠాణీ చేలు, మసూర్‌పప్పు చేలు. లీసెస్టర్ షాపుల్లో కొనే పప్పు సంచీ వెనక్కి తిప్పి చదవండి. కెనడా అని ఉంటే అది దాదాపుగా ఆ రాష్ట్రంలో పండిందే. ఆదిలక్ష్మిగారూ, మీ మనవరాలికి పప్పన్నానికి లోటుండదు. (నవ్వులు) నేల ఎంత చదునంటే, పెంపుడు కుక్క పారిపోతే మూడు రోజులు కనిపిస్తూనే ఉంటుందని అక్కడివాళ్ళే అంటారు.

ఆ నేలని నూట నలభై, నూట యాభై ఏళ్ళ కిందట సర్వే వాళ్ళు గొలుసులు పట్టుకుని చదరాలుగా కోశారు. ఆరు మైళ్ళకొక పెద్ద చదరం, అందులో మైలుకొక చిన్న చదరం. రోడ్లన్నీ నిట్టనిలువు, లేదా అడ్డం. చిక్కల్లా ఒక్కటే. భూమి గుండ్రన. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి, చదరాలు సరిపోవు. అందుకని ఇరవైనాలుగు మైళ్ళకొకచోట నిలువు రోడ్డుని ఆపేసి, కొంచెం పక్కకి జరిపి, మళ్ళీ మొదలుపెడతారు. ఆ అతుకు దగ్గర అడ్డంగా ఉండే రోడ్డుని కరెక్షన్ లైను అంటారు.

మేము వెళ్ళిన మొదటి చలికాలం, ఒక ఆదివారం మధ్యాహ్నం, కొత్తగా కొన్న పాత కారులో లీలని పక్కన కూర్చోబెట్టుకుని సరిగ్గా ఈ సంగతే ఆవిడకి వివరిస్తున్నాను. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, వినడానికి కనుచూపు మేరలో భార్య తప్ప మరో మనిషి లేడు, మంచు గాలికి రోడ్డు మీద పొగలా పాకుతోంది, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో గాల్లో రేఖాంశాలు గీస్తూ, “ఇవి ఇలా దగ్గరవుతాయి కదా, అప్పుడు రోడ్డు ఏం చేస్తుందీ?” అని అడిగాను. రోడ్డు చేయాల్సింది చేసింది. పక్కకి జరిగింది. మేము జరగలేదు. (నవ్వులు)

కాలవ దాటి, కంచె తెంచుకుని, ఎవరిదో పొలంలో కిటికీల దాకా మంచులో కూరుకుపోయాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లీల కళ్ళజోడు సర్దుకుని, “పాఠం అయిందాండీ, ఇంకా ఉందా?” అంది.

మేము తలుపు తెరవడానికి తంటాలు పడుతుండగానే ట్రాక్టరు వచ్చింది. పొలం స్టెఫాన్ అనే ముసలాయనది. వాళ్ళ తాతలు యుక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు. ఆయన నన్ను వదిలేసి లీలని అడిగాడు, “నిద్రపోయాడా మీ ఆయన?”

“లేదండీ. భూమి గుండ్రంగా ఉంటుందని చెబుతున్నారు.”

స్టెఫాన్ కారు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. “బాగానే నిరూపించాడు” అన్నాడు.

ఏడాదికి ఇద్దరు ముగ్గురు ఆ పొలంలోకి వస్తారట. కంచెకి డబ్బు ఇస్తామంటే తీసుకోలేదు. ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టించాడు. వాళ్ళావిడ ఓల్గా ఉడికించిన పెరోగీలు వడ్డించింది. లోపల బంగాళాదుంప, మీద పుల్లటి మీగడ. లీల ఒకటి తుంచి, నా చెవిలో, “మన కజ్జికాయకి మేనత్త కూతురండీ” అంది. మేము బయల్దేరేటప్పుడు స్టెఫాన్ మా కారు ముందు భాగం వంగి చూసి, “ప్లగ్గు ఏది?” అన్నాడు. అక్కడ రాత్రిళ్ళు కారుకి కరెంటు ప్లగ్గు పెట్టి ఇంజను వెచ్చగా ఉంచుతారు. లేకపోతే తెల్లారి అది కారు కాదు, ఇనుప పెట్టె. మాకా సంగతి ఎవరూ చెప్పలేదు. కౌశల్, రాసుకో. దిగిన రోజే ప్లగ్గు చూసుకో. తర్వాత పాలు కొనుక్కోవచ్చు.

ఆనాటినుంచి మా ఇంట్లో అదొక మాటగా నిలిచిపోయింది. నేను ఏదైనా పట్టుకుని సాగదీస్తూ వాదిస్తుంటే లీల మధ్యలో, “ఏమండీ, కరెక్షన్ లైను” అనేది. నేను పక్కకి జరిగేవాణ్ణి. ఎప్పుడైనా ఆవిడ వంతు కూడా వచ్చేది. అంతగా రాలేదు.

ఇంకో అలవాటు కూడా అక్కడిదే. ఆ రోడ్ల మీద ఎదురుగా బండి వస్తే, ఎవరైనా సరే, తెలిసినా తెలియకపోయినా, స్టీరింగు మీంచి చూపుడువేలు ఒక్కటి పైకి లేపుతారు. చెయ్యి ఊపరు. నవ్వరు. వేలు లేస్తుంది, దిగుతుంది. నిన్ను చూశాను అని అర్థం, అంతే. గంటకి ఒక బండి ఎదురయ్యే చోట అది పెద్ద విషయమే. మేము తిరిగి ఈ దేశం వచ్చాక కూడా లీలకి ఆ అలవాటు పోలేదు. స్రవంతి ఆవిడ క్లినిక్‌లో ట్రెయినీగా చేరిన కొత్తల్లో ఒకసారి ఆవిడ కారెక్కిందట. చైల్డ్స్ వే రోడ్డు మీద లీల ఎదురొచ్చిన ప్రతి కారుకీ వేలు ఎత్తుతోంది.

స్రవంతి ఆశ్చర్యపోయి, “మేడమ్, వీళ్ళంతా మీ పేషెంట్లా?” అని అడిగింది.

“ఒక్కళ్ళూ తెలీదమ్మా. అందుకే” అందట లీల.

(స్రవంతి వైపు చూసి) అంతేనామ్మా? సరిగ్గా చెప్పానా? సరే.

చరిత్ర చెప్పకుండా నేల గురించి చెబితే అది బ్రోషర్ అవుతుంది. ఆ చదరాలు గీయకముందు ఆ నేల క్రీ అనే ఆదివాసీ జనానిది, ఇంకా ఇతర జాతులది. అడవిదున్నల మందలు వాళ్ళకి తిండీ బట్టా గుడిసే అన్నీ. కొద్ది ఏళ్ళలో ఆ మందల్ని తుడిచిపెట్టారు. ఎముకలు మిగిలితే వాటిని పోగుచేసి రైళ్ళకెత్తి ఎరువుల కోసం అమ్ముకున్నారు. ఇప్పుడు రాజధానిగా ఉన్న రెజైనాకి అసలు పేరు ఎముకల కుప్ప. ఆకలితో ఉన్నవాళ్ళ చేత ఒప్పందాల మీద గుర్తులు పెట్టించారు. ఆ తర్వాత వాళ్ళ పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకెళ్ళి దూరపు బళ్ళలో పెట్టారు. వాళ్ళ భాష వాళ్ళ నోట రాకుండా చేశారు. అలాంటి బడుల్లో చదువుకుని ముసలివాళ్ళయిన ఆడవాళ్ళు లీల దగ్గరికి వైద్యానికి వచ్చేవారు. కోటు విప్పేవారు కాదు. అడిగినదానికి అవునూ కాదూ తప్ప మాట ఉండేది కాదు. ఒకావిడ మూడుసార్లు వచ్చి అలాగే వెళ్ళిపోయింది. నాలుగోసారి లీల చీర మీద మోకాళ్ళ దాకా మంచు బూట్లు వేసుకుని నిలబడి ఉంటే చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కోటు విప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి లీల అన్నం తినకుండా చాలాసేపు కూర్చుంది.

స్రవంతీ, నీ దగ్గరికీ వస్తారు. తొందరపడకు. అక్కడ నీకు పది నిమిషాలకో పేషెంటు అన్న లెక్క ఉండదు.

ఆ తర్వాత స్టెఫాన్ తాతలాంటివాళ్ళు వచ్చారు. పది డాలర్లకి నూటఅరవై ఎకరాలు. మొదటి చలికాలాలు గడ్డితో సహా పెళ్ళగించిన మట్టి బెడ్డల ఇళ్ళలో గడిపారు. ముప్ఫైల్లో వాన మొహం చాటేస్తే ఆ మట్టే లేచి ఆకాశంలోకి పోయింది. తడి దుప్పట్లు కిటికీలకి వేలాడదీసి, అన్నం వడ్డించేదాకా కంచాలు బల్లమీద బోర్లించి ఉంచేవారట, దుమ్ము పడకుండా. ఓల్గా యాభై ఏళ్ళ తర్వాత కూడా బోర్లించే పెట్టేది. ఆవిణ్ణి చూసి లీలకీ పట్టుబడింది. పార్థసారథిగారు మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు కంచాలన్నీ బోర్లించి ఉండటం చూసి, వాళ్ళావిడతో, “మనం తప్పు తేదీకి వచ్చినట్టున్నాం” అన్నారు. (నవ్వులు) తల ఊపుతున్నారు చూడండి, నిజమే. ఆ అలవాటు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

డాక్టర్లున్న సభ కాబట్టి ఇది కూడా చెప్పాలి. కెనడాలో అందరికీ ప్రభుత్వ వైద్యం అనేది మొదలైంది ఆ రాష్ట్రంలోనే, 1962లో. అప్పుడు అక్కడి డాక్టర్లు ఒప్పుకోక సమ్మె కట్టారు. ఈ దేశం నుంచి డాక్టర్లు విమానాలెక్కి వెళ్ళి పని అందుకున్నారు. కాబట్టి ఆదిలక్ష్మిగారూ, మీ కోడలు ఇక్కడినుంచి అక్కడికి వెళుతున్న మొదటి డాక్టరు కాదు. ఆ దారి పాతదే.

చలి గురించి అడిగారు మీరు. మైనస్ నలభై నిజం. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టడం నిజం. మేమున్న ఊళ్ళో ఐదువందలమంది ఉండేవాళ్ళు. నవంబరులో ఒక మొహం చూసి విసుగొస్తే ఏప్రిల్ దాకా అదే మొహం. ఒక్కోసారి లీల నా మొహం చూసి కూడా అలాగే అనేది. (నవ్వులు) తెలుగు మాట వినాలంటే నేనూ ఆవిడా, అంతే. మేమున్న ఊరు ఇప్పుడు లేదు. చిన్న రైలు లైన్లు ఎత్తేశారు, ధాన్యం నింపే ఎత్తైన చెక్క గోదాములు కూల్చేశారు, పల్లె ఆస్పత్రులు చాలా మూతపడ్డాయి. మాది కూడా మూతపడింది. అందుకే తిరిగొచ్చాం. ఇల్లు వెతుక్కుంటూ ఈ ఊరు వచ్చిన రోజు, నిలువు రోడ్లు అడ్డం రోడ్లు చూసి, వాటి నంబర్లు చూసి లీల, “ఇదీ చదరాల ఊరేనండీ. ఇక్కడ ఉందాం” అంది. కూడళ్ళలో ఈ గుండ్రటి రౌండబౌట్లు ఎందుకన్ని పెట్టారని అడిగితే, “మీలాంటివాళ్ళు పొలంలోకి పోకుండా” అంది.

ఇవన్నీ విన్నాక కూడా స్రవంతి అడిగినదానికి జవాబు కాదని నాకు తెలుసు. ఎందుకంటే ఆ అమ్మాయి భయం చలి గురించి కాదు. టీ దగ్గర మిగతావాళ్ళు వెళ్ళాక మెల్లగా చెప్పింది. చెప్పవచ్చా అమ్మా? (స్రవంతి తల ఊపింది.) “అక్కడ నేనొక్కదాన్నే డాక్టర్ని అంకుల్. ఇక్కడైతే అనుమానం వస్తే పక్కగదికి వెళ్ళి అడుగుతాను. అక్కడ పక్కగదిలో ఎవరుంటారు?”

లీల కూడా వెళ్ళిన ఏడాది అదే అంది. సరిగ్గా ఆ మాటే. అప్పుడు ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. అనుమానం వచ్చిందంటే పేషెంటుతో, “ఒక్క నిమిషం, పక్కగదిలో అడిగి వస్తాను” అని చెప్పి కారిడార్‌లోకి వచ్చి గోడకి వీపు ఆనించి నిలబడేది. లీసెస్టర్‌లో తనకి పని నేర్పిన పెద్ద డాక్టరు ఎదురుగా ఉన్నట్టు, పేషెంటు సంగతంతా మొదటినుంచి ఆయనకి పెదాలతో చెప్పుకునేది. ఆయన ఏ ప్రశ్న వేస్తాడో ఆవిడకి తెలుసు. జవాబు దొరికేది, లోపలికి వెళ్ళేది. దొరక్కపోతే నగరానికి ఫోన్ చేసేది. ఊరంతా రెండో డాక్టరు ఒకడున్నాడనే అనుకున్నారు. మేము ఊరు వదిలేటప్పుడు ఇచ్చిన పార్టీలో స్టెఫాన్ వచ్చి, “ఆ పక్కగది డాక్టరు కూడా వెళ్ళిపోతున్నాడా?” అని అడిగాడు. (నవ్వులు)

స్రవంతీ, నీకు పని నేర్పింది ఎవరో నేను చెప్పక్కర్లేదు. ఆవిడ ఏ ప్రశ్న వేస్తుందో నీకు తెలుసు. పేషెంటు వెళ్ళాక తలుపు వేసి ఏమని అడిగేదో, దేనికి కనుబొమ్మ ఎత్తేదో నాకంటే నీకే బాగా తెలుసు. కారిడార్‌లోకి వచ్చి నిలబడు.

మంచినీళ్ళు ఇప్పించండి. థాంక్యూ.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. వీళ్ళు వెళ్ళకపోతే ఈ హాల్లో అందరికంటే ఎక్కువ సంతోషించేది నేను. ఆదిలక్ష్మిగారికంటే కూడా. మాకు పిల్లలు లేరు. లీల పోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళూ ఆదివారం వచ్చిందంటే స్రవంతి ముక్కల పులుసు డబ్బాతో తలుపు కొడుతుంది. కౌశల్ బాయిలర్ చూస్తాడు, వైఫై చూస్తాడు, బాగున్నవాటిని కూడా విప్పి చూస్తాడు. శ్రీప్రియ మా గ్లోబు తిప్పి, ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేసి, నేను తెలుగులో జవాబు చెప్పేలోపు పరిగెడుతుంది. వాళ్ళు వెళ్ళాక ఆదివారం అనేది మిగతా వారాల్లాగే ఒక వారం. కాబట్టి టీ దగ్గర ఆ అమ్మాయి అడిగినప్పుడు నా నోట మొదట వచ్చింది ‘వద్దు’ అనే మాటే. అది అక్కడ చెప్పకుండా స్టేజి దాకా తీసుకొచ్చాను.

తీసుకొచ్చాక ఇంకొకటి గుర్తొచ్చింది.

ఆ రాష్ట్రంలో ఒక పెద్ద రైలు లైను ఉంది. అది ఇంకా ఉంది. నూట పదిహేనేళ్ళ పైచిలుకు కిందట వేస్తున్నప్పుడు, కంపెనీవాళ్ళకి స్టేషన్లకి పేర్లు దొరక్క, ఇంగ్లీషు అక్షరాల వరసలో పెట్టుకుంటూ పోయారు. అట్‌వాటర్, బాంగర్, కానా. అలా జెడ్ దాకా. కొన్ని అక్షరాలు ఇప్పుడు లేవు, ఆ ఊళ్ళు పోయాయి. మధ్యలో మెల్విల్ ఒక్కటే వరస తప్పింది, అది కంపెనీ పెద్ద పేరు. మేమున్న ఊరు ఆ లైనుకి కొంచెం ఎగువన. ఎండాకాలం ఆదివారాలు ఆ లైను పక్క రోడ్డు మీద పోతూ ఊళ్ళ పేర్లు ముందే అప్పజెప్పడం మా ఆట. లీల ఎప్పుడూ క్యూ దగ్గర తప్పేది.

చివరి నెలల్లో ఆవిడ మంచాన్ని కింది అంతస్తు గదిలో వేశాం. నిద్ర పట్టేది కాదు. పుస్తకం చదవనా అంటే వద్దంది. పాట పెట్టనా అంటే వద్దంది. “ఏమండీ, ఊళ్ళు చెప్పండి” అంది. ఆవిడ పుట్టిన కాకినాడ వీధులు కాదు, ఇక్కడి ఊళ్ళు కాదు. ఆ లైను. నేను చెప్పేవాణ్ణి. అట్‌వాటర్, బాంగర్, కానా, మెల్విల్, ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇటునా. మెల్లగా చెప్పాలి. ఊరికీ ఊరికీ మధ్య పొలాలు కనిపించాలి. తొందరపడితే, “స్పీడు ఎక్కువైంది” అనేది. రోజూ ఎక్కడో ఒకచోట నిద్ర పట్టేది. ఒకరోజు హబ్బర్డ్ దగ్గర, ఒకరోజు రేమోర్ దాకా.

ఆఖరి రోజు మధ్యాహ్నం స్రవంతి వచ్చేసరికి నేను జాస్మిన్ దగ్గర ఆగి ఉన్నాను.

ఆ తర్వాతి ఊళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ అడగలేదు.

మనిషికి తనకి నచ్చిన చోటుకి వెళ్ళగలిగే స్వేచ్ఛ ఉన్నప్పుడు ఎక్కడికి వెళతాడో చెప్పలేం. మంచం మీంచి లేవలేని రోజున ఆవిడ ఏ రోడ్డు అడిగిందో నాకు తెలుసు. గాలి, చలి, తెలుగు మాట వినిపించకపోవడం, పొలంలో కారు, అన్నీ తెలిసి అడిగింది. నేను ఆ రోడ్డుకి వెళ్ళొద్దని ఆవిడ శిష్యురాలికి చెప్పలేను.

వెళ్ళండి.

ఆదిలక్ష్మిగారూ, నన్ను క్షమించండి. పిల్లకి మంచి కోటు కొనండి. రెండు జతల చేతితొడుగులు కొనండి, ఒకటి తప్పకుండా పారేసుకుంటుంది. కౌశల్, సోమవారం సంగతి మీ ఆవిడ నీకు ముందు చెప్పలేదని మనసులో పెట్టుకోకు. నీ సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక ఆగింది. ఇవాళ కారులో ఇద్దరూ మాట్లాడుకోండి. పక్కకి జరగడం ఎవరి వంతో మీరే చూసుకోండి.

స్రవంతీ, అక్కడివాళ్ళు గడియారాలు మార్చరు. మనమే మారుస్తాం. మార్చి నుంచి అక్టోబరు దాకా మనకీ వాళ్ళకీ ఏడు గంటలు, చలికాలం ఆరు. ఆదివారం నేను భోజనానికి కూర్చునే వేళకి మీ దగ్గర పొద్దుటే. పులుసు ఫోన్లో రాదు, తెలుసు. అయినా ఫోన్ చెయ్యి. నేను కంచం వెల్లకిలా తిప్పుకుని కూర్చుంటాను.

విమానం దిగి, ఉద్యోగంలో చేరి, ప్లగ్గు పెట్టుకోవడం నేర్చుకున్నాక, వేసవిలో ఒక ఆదివారం ఆ లైను పక్క రోడ్డు మీద వెళ్ళండి. శ్రీప్రియని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. జాస్మిన్ వస్తుంది. ఇప్పుడక్కడ పెద్దగా ఏమీ ఉండదు. ఆగక్కర్లేదు. తర్వాత కెలిహర్. లెరాస్. లెస్టాక్. పనిచీ. క్విన్టన్, లీల తప్పేది ఇక్కడే. రేమోర్. సెమాన్స్. టేట్. వెన్. వాట్రస్. జీనా, ఎక్స్‌తో రాస్తారు. యంగ్. జెల్మా.

జెల్మాతో లైను అయిపోదమ్మా. అక్షరాలు అయిపోయాయని రైలు ఆగదు కదా. మళ్ళీ ఏ నుంచి మొదలుపెట్టారు. అలన్. బ్రాడ్‌వెల్. మీరు ఉండబోయే ఊరు ఆ రెండో వరసలో, అలన్‌కి కారులో అరగంట.

పార్థసారథిగారు గడియారం చూడటం మానేశారు. అది ఆయన మర్యాద. ఇంతసేపు ఓపికపట్టిన సభకి, నాకు ఈ పని అప్పగించిన రాజ్‌కిరణ్‌కి, వంటగదిలో అన్నం చల్లారిపోతున్నా ఒక్క మాట అనని వారికి, రెండేళ్ళుగా మా తలుపు కొట్టిన ఈ కుటుంబానికి నా కృతజ్ఞతలు.

గురువారం పొద్దున మీ టాక్సీ శాక్సన్ స్ట్రీట్ మీదుగానే హీత్రోకి వెళుతుంది. నేను నా కారులో ఎదురు దిక్కున వస్తాను. ఆగకండి, ఫ్లయిట్ టైమవుతుంది. చెయ్యి ఊపను. స్టీరింగు మీంచి ఒక్క వేలు లేస్తుంది. చూసుకోండి.

ఇక సెలవు.